నెలలు నిండని నొప్పులకు ఇంటి తీర్పు చాలదు

గర్భిణి ఎనిమిదో నెలలో కడుపు గట్టిపడుతోందనో, నడుము లాగేస్తోందనో అంటే తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట ‘దొంగ నొప్పులే అమ్మా, కాసేపు ఎడమ పక్కకి తిరిగి పడుకో’ అని. రైల్వే కొలువులకూ ఉక్కు కర్మాగారం పనులకూ శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి తరాల కిందట జంషెడ్‌పూర్ చేరిన కుటుంబాలు ఊరి పేర్లతో పాటు ఈ మాటనూ వెంట తెచ్చుకున్నాయి. టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న బాగ్‌బేరాలో తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇరుగుపొరుగు అత్తగార్లంతా ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు, ఎక్కువసార్లు నిజమే అవుతుంది. చిక్కల్లా అది ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అన్నది ఇంట్లో కూర్చుని తేల్చగలమా అన్న దగ్గరే వస్తుంది. 37 వారాలు నిండాక తేల్చుకోవచ్చు. అంతకు ముందు తేల్చలేం. తేల్చగలమనే నమ్మకంతో గడిచిపోయే గంటలు పుట్టబోయే బిడ్డకు చాలా ఖరీదైనవి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

దొంగ నొప్పులు జబ్బు కాదు. గర్భసంచి కండరంతో అల్లుకున్న సంచి, కండరం అన్నాక అప్పుడప్పుడూ బిగుసుకుని వదులవడం దాని స్వభావం. గర్భం మొదటి నెలల నుంచే ఇది జరుగుతూ ఉంటుంది, ఆరో నెల దాటాక తల్లికి తెలుస్తుంది. జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండు వైద్యుడు 1872లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒంట్లో నీరు తగ్గినా, మూత్రం ఆపుకున్నా, ఎక్కువ సేపు నిలబడినా, బరువు మోసినా ఈ బిగువు పెరుగుతుంది. బాగ్‌బేరాలో తాగునీటి ఎద్దడి ఎంత పాతదో అక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మే నెల ఎండలో బిందె పట్టుకుని వరసలో నిలబడ్డ గర్భిణికి సాయంత్రానికి కడుపు రాయిలా బిగుసుకోవడం వింతేమీ కాదు. ఆమె నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లొచ్చి, పక్కకు తిరిగి పడుకుంటే అరగంటలోనో గంటలోనో అది సర్దుకుంటుంది. అసలు కాన్పు నొప్పులు అలా సర్దుకోవు. వాటికి ఒక వరస ఉంటుంది. మధ్య విరామం తగ్గుతూ, నొప్పి నిలిచే సమయం పెరుగుతూ, నడుము నుంచి పొత్తికడుపు మీదికి చుట్టుకుంటూ వస్తాయి. తిరిగినా, పడుకున్నా ఆగవు. ఈ తేడాలు అమ్మమ్మలకు తెలుసు, నర్సులు చెబుతారు, ఆసుపత్రి గోడల మీద బొమ్మలతో సహా అంటించి ఉంటాయి.

అయితే ఈ తేడాలన్నీ నెలలు నిండిన కాన్పులను చూసి నేర్చుకున్నవి. లోకంలో ఎక్కువ కాన్పులు 37 వారాల తర్వాతే జరుగుతాయి కాబట్టి పెద్దవాళ్ల అనుభవమంతా వాటి చుట్టూనే పోగుపడింది. అక్కడ ఆ అనుభవానికి తిరుగులేదు. తొమ్మిదో నెల చివర్లో పొరపాటు పడ్డా సాధారణంగా పెద్దగా పోయేదేమీ ఉండదు, బిడ్డ ఒక పూట ముందో వెనకో పుడుతుంది. నెలలు నిండని కాన్పు దారే వేరు. అది చాలాసార్లు పెద్ద నొప్పితో మొదలవ్వదు. నెలసరి ముందు వచ్చేలాంటి సన్నని పోటు, తగ్గుతూ పెరుగుతూ ఉండే నడుము నొప్పి, కింద ఏదో బరువు ఒత్తుతున్నట్టు అనిపించడం, తెల్లబట్ట ఎక్కువై నీళ్లలానో జిగురులానో మారడం మాత్రమే ఉండొచ్చు. ఇవే ఇబ్బందులు మామూలు గర్భిణులకూ ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా ఆ నొప్పులు కాసేపు ఆగి మళ్లీ రావచ్చు. ‘పడుకుంటే తగ్గింది కదా’ అనే భరోసా నెలలు నిండిన కాన్పుకి పనికొచ్చినట్టు దీనికి పనికి రాదు.

ఇంట్లో ఓపికగా లెక్కపెడితే తేడా పట్టుకోలేమా? ఈ ప్రశ్నను అమెరికా పరిశోధకులు గట్టిగానే పరీక్షించారు. 306 మంది గర్భిణులకు కడుపు బిగువును నమోదు చేసే పరికరాన్ని ఇంటికే ఇచ్చి, మొత్తం 34,908 గంటల నమోదులు సేకరించారు. జే అయామ్స్ బృందం ఆ ఫలితాలను 2002లో ప్రచురించింది. ముందుగా ప్రసవించిన వాళ్లలో బిగువులు కొంత ఎక్కువగా ఉన్న మాట నిజమే. కానీ ఇన్ని వస్తే కాన్పు, ఇంతకు తక్కువైతే కాదు అని గీత గీయడానికి ఆ అంకెలు ఉపయోగపడలేదు. నడుముకు కట్టిన యంత్రానికి అందని తేడా మంచం పక్కన కూర్చున్న మనిషికి అందుతుందని ఎలా నమ్మడం? అసలు తేడా ఉన్నది నొప్పిలో కాదు, గర్భసంచి ముఖద్వారంలో. దొంగ నొప్పుల్లో ఆ ద్వారం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాన్పు మొదలైతే అది పలచబడి, పొట్టిదై, తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ మార్పు తల్లికి తెలియదు, అత్తకు కనబడదు. చూసి చెప్పగలిగింది లేబర్ రూములో పరీక్ష చేసేవాళ్లే. వాళ్లు కడుపు మీద చెయ్యి ఉంచి, గడియారం చూస్తూ బిగువులు లెక్కపెడతారు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూస్తారు, ఉమ్మనీరు కారుతోందా అని పరిశీలించి ముఖద్వారం ఎంత తెరుచుకుందో చూస్తారు. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ చూసి, మారిందా లేదా అని పోల్చుతారు. లోపలి నుంచి చేసే స్కానింగులో ముఖద్వారం పొడవు 30 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉందంటే కాన్పు దగ్గర్లో లేదని చాలావరకు ధైర్యం చెప్పవచ్చు.

ఇంట్లో ఆగిపోయే గంటలు అంత విలువైనవా అన్నది తర్వాతి ప్రశ్న. జవాబు న్యూజిలాండులో గొర్రెల మీద జరిగిన ఒక ప్రయోగం నుంచి మొదలవుతుంది. ఆక్లండ్‌లో గ్రాహం లిగిన్స్ అనే వైద్యుడు కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలని కడుపులోని గొర్రెపిల్లలకు స్టెరాయిడ్ ఇచ్చి చూశాడు. బాగా ముందుగా పుట్టి ఊపిరాడక చనిపోవలసిన పిల్లలు ఊపిరి తీసుకుంటూ కనిపించాయి. రాస్ హౌవీతో కలిసి ఆయన దాన్ని గర్భిణుల మీద పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించాడు. కాన్పుకు ముందు తల్లికి ఆ ఇంజెక్షన్ ఇస్తే నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని తేలింది. ఇంజెక్షన్ ఇచ్చాక ఒక రోజు గడిస్తేనే దాని పూర్తి ఫలితం దక్కుతుంది. నొప్పులను నెమ్మదింపజేసే నిఫెడిపిన్ లాంటి మందులు కాన్పును పూర్తిగా ఆపేందుకు కాదు, ఈ ఒకటి రెండు రోజుల గడువు సంపాదించేందుకే వాడతారు. 32 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ మెదడును కాపాడేందుకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. బిడ్డను పుట్టాక అంబులెన్సులో తరలించడం కంటే తల్లి కడుపులో ఉండగానే, నెలలు నిండని పిల్లలను చూసే వార్డు ఉన్న ఆసుపత్రికి చేర్చడం ఎంతో మేలు. ఇవన్నీ గంటల లెక్కలో జరిగే పనులు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక ఆసుపత్రికి చేరితే వీటిలో చాలావాటికి వ్యవధి మిగలదు.

ఇది ధనిక దేశాల వైద్యం, మనకెందుకు అనడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో మన దేశంతో పాటు బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా, నైజీరియా ఆసుపత్రుల్లో 26 నుంచి 33 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉన్న 2,852 మంది తల్లులతో పరీక్ష జరిపారు. సగం మందికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, సగం మందికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం పుట్టిన నెలలోపు చనిపోయిన శిశువులు రెండో జట్టులో 23.5 శాతం ఉంటే, మందు అందిన జట్టులో 19.6 శాతం. మేలు స్పష్టంగా కనబడటంతో పరీక్షను ముందే ఆపేశారు. ఆ మందు అతి చవకైనది. 24 నుంచి 34 వారాల మధ్య నెలలు నిండని నొప్పులు వస్తే ఏఎన్ఎం నర్సు కూడా మొదటి డోసు, అంటే 6 మిల్లీగ్రాములు, ఇచ్చి పెద్దాసుపత్రికి పంపవచ్చని మన కేంద్ర ప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 12 గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు డోసులు.

ఇక్కడ తెలివైన పాఠకులు ఒక అభ్యంతరం లేవదీయవచ్చు, లేవదీయాలి కూడా. మందు అంత మంచిదైతే అనుమానం వచ్చిన ప్రతి గర్భిణికీ ఇచ్చేస్తే పోదా? అది ప్రయత్నించి చూశారు. మన దేశంతో సహా ఆరు దేశాల పల్లెల్లో ఆ ఇంజెక్షన్‌ను కింది స్థాయి దాకా విస్తృతంగా వాడించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. నవజాత శిశు మరణాలు తగ్గకపోగా మొత్తం మీద వెయ్యికి సుమారు మూడున్నర చొప్పున పెరిగాయి. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్లూ పెరిగాయి. మందు అందుకున్న వాళ్లలో చాలామందికి నెలలు నిండాకే, మంచి బరువుతోనే పిల్లలు పుట్టారు. అంటే ఆ మందు వాళ్లకు అక్కర్లేదు. ఈ ఫలితం నా వాదాన్ని బలహీనపరచదు, ఇంకాస్త గట్టి చేస్తుంది. ఎన్ని వారాలో కచ్చితంగా తెలియాలి, ఇన్‌ఫెక్షన్ లేదని చూడాలి, కాన్పు నిజంగా దగ్గర్లో ఉందని పరీక్షలో తేలాలి, పుట్టే బిడ్డను చూసే ఏర్పాటు ఉండాలి. అప్పుడే మందు మేలు చేస్తుంది. ఈ నాలుగూ తేలేది ఆసుపత్రిలోనే. వీధి చివర ఎవరి దగ్గరో ‘నొప్పి తగ్గే సూది’ వేయించుకోవడం ఇంట్లో పడుకోబెట్టడం కంటే ప్రమాదం.

ఎన్ని వారాలన్నది ఇంట్లో ముందే సరిచేసుకోదగ్గ విషయం, కానీ మన లెక్క అక్కడే జారుతుంది. మనం నెలల్లో చెబుతాం, ఆసుపత్రి వారాల్లో లెక్కిస్తుంది. ‘తొమ్మిదో నెల పడింది, ఇక ఎప్పుడొచ్చినా పర్వాలేదు’ అనుకుంటారు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే తొమ్మిదో నెల ప్రవేశించేనాటికి నడిచేది 35వ వారమే. 37 వారాలంటే 259 రోజులు, అంటే ఎనిమిది నెలలు నిండి ఇంకో పదిహేను రోజులు. నెల తప్పిన మొదట్లోనే చేయించుకున్న స్కానింగ్ వారాల లెక్కను దాదాపు కచ్చితంగా చెబుతుంది, ఆలస్యమైన కొద్దీ స్కానింగ్ అంచనాలోనూ తేడా పెరుగుతుంది. ఆ మొదటి స్కానింగ్ కాగితం, మాతాశిశు కార్డు రెండూ ఒకే సంచిలో ఉండాలి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019–21 నాటిది, ఝార్ఖండ్‌లో కనీసం నాలుగుసార్లు గర్భిణీ పరీక్షలు చేయించుకున్న తల్లులు 38.6 శాతమేనని చెప్పింది. ఆసుపత్రి కాన్పులు అక్కడ 75.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. కాన్పుకైతే ఆసుపత్రికి వెళుతున్నారు, కానీ ఆ రోజుకి చేతిలో వారాల లెక్క లేని వాళ్లు చాలామంది ఉంటున్నారు.

ఇంకో అభ్యంతరం రోజువారీ బతుకు నుంచి వస్తుంది. నొప్పి అన్నప్పుడల్లా ఆసుపత్రికి పరిగెడితే ఆటో ఖర్చు ఎవరిస్తారు, పని మానుకుని వెంట ఎవరొస్తారు, వెళ్తే ఏమీ లేదని చీవాట్లు పెట్టి పంపుతారు కదా? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నెలలు నిండని నొప్పులని ఆసుపత్రిలో చేర్చుకున్న వాళ్లలో కూడా దాదాపు సగం మంది చివరికి నెలలు నిండాకే ప్రసవిస్తారు. అయితే రెండు పొరపాట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. అనవసరంగా వెళితే పోయేది ఒక పూట, కొంత డబ్బు. అవసరమైనప్పుడు వెళ్లకపోతే పోయేది బిడ్డ ఊపిరితిత్తులకు అందవలసిన ఆ రెండు రోజులు. 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు సుమారు 30 లక్షలు, అంటే ప్రతి ఎనిమిది కాన్పుల్లో దాదాపు ఒకటి. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఖర్చు సంగతికొస్తే, 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లడం, పరీక్షలు, మందులు, ఆపరేషన్‌తో సహా కాన్పు అన్నీ ఉచితం. 108కి ఫోన్ చేయవచ్చు. బాగ్‌బేరా నుంచి జిల్లా సదర్ ఆసుపత్రి దూరం కాదు, అది పక్కనే ఖాస్‌మహల్‌లో ఉంది. ఆశా కార్యకర్తను ఝార్ఖండ్‌లో సహియా అంటారు, మీ వీధి సహియా ఫోన్ నంబరు ఇంటి గోడ మీద రాసి ఉండాలి.

ఇక ఇంట్లో చేయవలసిందేమీ లేదా అంటే ఉంది, దానికి మాత్రం గడువుంది. వేళ్ల కొసలు బొడ్డు పైన ఆనించి ఉంచండి. బిగువు వచ్చినప్పుడు కడుపు నుదురు తాకినట్టు గట్టిగా ఉంటుంది, వదిలేశాక బుగ్గ తాకినట్టు మెత్తబడుతుంది. ఒక బిగువు మొదలైనప్పటి నుంచి తర్వాతది మొదలయ్యే దాకా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాయండి. నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లొచ్చి, పక్కకు తిరిగి పడుకోండి. ఇదంతా ఒక్క గంట. ఆ గంటలో నాలుగో అంతకు మించో బిగువులు వచ్చాయంటే, నొప్పి లేకపోయినా సరే, బయలుదేరాలి. నీళ్లలా కారినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, కింద బరువు ఒత్తుతున్నట్టున్నా ఆ గంట కూడా ఆగకూడదు. కవలలున్నా, ఇదివరకు ముందుగా కాన్పయినా అంతే. జీలకర్ర కషాయం తాగిస్తే దొంగ నొప్పులు తగ్గుతాయి, అసలువి పెరుగుతాయి అని చాలా ఇళ్లలో నమ్ముతారు. కషాయం వల్ల పెద్ద హాని లేకపోవచ్చు, అది కాచి, తాగించి, ఫలితం కోసం ఎదురుచూసే సమయమే హాని. ఆముదం మాత్రం ముట్టకూడదు, అది నొప్పులను రేపగలదు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని వేసుకోవడమూ వద్దు, వాటిలో కొన్ని చివరి నెలల్లో బిడ్డకు చెరుపు.

జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినవి ఇంకో రెండున్నాయి. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి హిందీ రాకపోవచ్చు. లేబర్ రూములో ‘పేట్ దర్ద్’ అని ఊరుకుంటే అజీర్తి అనుకునే వాళ్లూ ఉంటారు. ‘బత్తీస్ హఫ్తే హుయే హైఁ, పేట్ బార్ బార్ కడా హో రహా హై’ అనే ఒక్క వాక్యం, వారాల అంకె మార్చుకుంటూ, నేర్పి ఉంచండి. వారాల సంఖ్య వినగానే నర్సు పరీక్షకు తీసుకెళుతుంది. రెండోది పురిటికి పుట్టింటికి తీసుకెళ్లే ఆచారం. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో రాత్రంతా సాగే రైల్లో విశాఖ వైపు పంపుతారు. వెళ్లొద్దని కాదు, బయలుదేరే ముందు పరీక్ష చేయించుకుని, కార్డూ స్కానింగూ చేతి సంచిలో పెట్టుకుని వెళ్లాలి. ముందు రోజు నుంచి కడుపు బిగుసుకుంటూ ఉంటే మాత్రం టికెట్ పోయినా పర్వాలేదని ఆగాలి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ప్రాచీన గ్రీకు వైద్యులూ ఇలాగే నమ్మారు. అది తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే బతికే అవకాశం ఎక్కువ. ఆ మాట నమ్మి, ఎనిమిదో నెల నొప్పులకు ఎటూ చేసేదేమీ లేదని ఊరుకున్న ఇల్లు బాగుపడగలిగిన బిడ్డను వదులుకుంటుంది.

‘ఇలా చెబితే గర్భిణులు భయపడతారు’ అనే వాళ్లకు నా జవాబు ఒక్కటే. ఏది మామూలో తెలియనప్పుడే భయం. కడుపు అప్పుడప్పుడూ బిగుసుకోవడం మామూలని, గంటకు నాలుగైతే ఒకసారి చూపించుకుంటే చాలని తెలిసిన ఆడమనిషి నిశ్చింతగా ఉంటుంది. అత్తగార్లకు, అమ్మలకు నా విన్నపం: 37 వారాలు నిండేదాకా ‘దొంగ నొప్పులే’ అన్న తీర్పు మీరు చెప్పకండి, డాక్టరు చేత చెప్పించండి. లేబర్ రూముల్లో పనిచేసే వాళ్లకూ ఒక విన్నపం. పరీక్షలో ఏమీ లేదని తేలిన గర్భిణిని విసుక్కుని పంపితే ఆమె రెండోసారి రాదు, ఆ రెండోసారే అసలు కాన్పు కావచ్చు. మళ్లీ ఇలా అనిపిస్తే, అది అర్ధరాత్రయినా, మళ్లీ రమ్మని చెప్పి పంపండి.